నలుగురు సుక్రాలు, ఒక నకలు

1951 అక్టోబరు 15, సోమవారం

పొద్దున్న ఎన్నికల ఆఫీసుకి. హెడ్ క్లర్కు దేవదానం గారు బీరువా తలుపుకి లోపలి వైపు ఒక కాగితం అంటించారు. పైన 'ఆపద వస్తే' అని రాసి ఉంది. గుండ్రటి అక్షరాలు. చదివి రాసుకున్నాను — వరద వస్తే రేకు పెట్టె ఎక్కడికి చేర్చాలి. ఘాటీ రోడ్డు తెగితే ఏ దారిన వెళ్ళాలి. తను మంచాన పడితే తాళం ఎవరికి ఇవ్వాలి. నిప్పంటుకుంటే ముందు ఏది బయటికి తేవాలి — కుర్చీలూ బల్లలూ కాదు, ఓటర్ల జాబితా.

"ఓటు పెట్టెలు పోతే కటకం నుంచి మళ్ళీ తెప్పించుకోవచ్చు రిపోర్టరు గారూ. జాబితా పోతే ఆ మనుషులు లేనట్టే."

రాజమండ్రి వైపు మనిషి. ఈ ఒడియా కొండ పట్టణానికి వచ్చి రెండేళ్ళు. యుద్ధం రోజుల్లో విశాఖలో ఆఫీసు ఫైళ్ళన్నీ బళ్ళ మీద లోపలి ఊళ్ళకి తరలించిన అనుభవం ఉంది. ఆ పని ఆయనకి ఇంకా అయిపోలేదనిపిస్తుంది.

బంట్రోతు అప్పన్న కాగితం వైపు చూసి — "ఆపద రానియ్యండి బాబూ. ఇది సదివి అదే ఎనక్కి ఎల్లిపోద్ది."

అక్టోబరు 17, బుధవారం

పల్లపు ఊళ్ళ జాబితాలు అచ్చయి వచ్చాయి. కొండ ఊళ్ళవి కాలేదు. చేతిరాత ప్రతి ఒక్కటే ఉంది, ఒడియాలో. దేవదానం గారి దిగులంతా దాని గురించే. రెండో ప్రతి రాయించి మిషన్ బంగళా మేడ మీద గదిలో పెడతారట. నదికి దూరం, ఎత్తు. నకలు రాయడానికి సుశీల కుదిరింది. టీచరు ట్రైనింగ్ అయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఒడియా, తెలుగు రెండూ పొందికగా రాస్తుంది.

మంచి ఏర్పాటు. పేపరుకి నాలుగు వాక్యాలు పంపాను.

అక్టోబరు 22, సోమవారం

ఆఫీసులో టీ. సుశీల నకలు రాస్తోంది. పెన్ను ఆపి అడిగింది —

"హెడ్డుగారూ, దుమ్మాగుడ ఊరి జాబితాలో ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వస్తోందండీ. సుక్రా, తండ్రి మంగళ. కిందన మళ్ళీ సుక్రా, తండ్రి మంగళ. ఇలా చాలా ఉన్నాయి. ఈ ఊరికి మాత్రం ఇంటి నెంబర్లు లేవు, గీతలు పెట్టేరు."

ఆయన తల ఎత్తలేదు. "లెక్క రాసినవాడు రెండుసార్లు తిరిగి ఉంటాడు. పల్లంలోనూ ఇదే గొడవ. ఒకటి ఉంచి మిగతావి వదిలెయ్ అమ్మాయ్."

"అన్నీనాండీ?"

"అన్నీ."

టీలో పంచదార ఎక్కువైంది. బిస్సమ్ కటక్ బస్సు రెండు గంటలు ఆలస్యం.

అక్టోబరు 26, శుక్రవారం

నకలు పూర్తి. కొత్త రేకు పెట్టెలో సర్ది, మైనపు గుడ్డ చుట్టి, ఎడ్లబండి మీద మిషన్ బంగళాకి పంపారు. దేవదానం గారు బండి వెనక నడిచారు. అప్పన్న గొడుగు పట్టాడు, ఎండ లేకపోయినా.

నవంబరు 4, ఆదివారం

వాన.

నవంబరు 5, సోమవారం

వాన తెరిపి ఇవ్వలేదు. కొల్నార దారి మూసేశారు. మా ఆవిడ సత్యవతి — "ఇంట్లో పొడిగుడ్డ ఒక్కటీ నేదు. మీరు ఆ నది సూడ్డానికి ఎల్తారేటి?" వెళ్ళాను. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. రేవు మెట్లు కనబడలేదు.

నవంబరు 6, మంగళవారం

తెల్లవారేసరికి ఆఫీసులో మోకాలి లోతు నీళ్ళు. వెనక గోడ కూలి బీరువా మీద పడింది. అసలు జాబితా ఉన్న పెట్టెకి మూత ఊడింది. పల్లపు ఊళ్ళ కట్టలు పైన ఉండి సగం దక్కాయి, అవి ఎలాగూ అచ్చులో ఉన్నాయి. కొండ ఊళ్ళ కట్ట అడుగున ఉంది. చేతిలోకి తీస్తే నీలిరంగు ముద్ద. అక్షరం లేదు.

దేవదానం గారు దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, "సరే. మిషన్ బంగళాకి బండి కట్టించు" అన్నారు అప్పన్నతో. అంతే. గొంతులో మార్పు లేదు.

నవంబరు 8, గురువారం

నకలు దిగివచ్చింది. పొడిగా ఉంది, ఒక్క మరక లేదు. సబ్ డివిజను అధికారి ఎస్.డి.ఓ. గారు వచ్చి చూసి ఒడియాలో మెచ్చుకున్నారు. నకలునే ఇక అసలుగా తీసుకోవాలని సంతకం పెట్టారు.

పేపరుకి పంపాను. చివరి వాక్యం — 'వరదలో కాగితం పోయింది గాని ఒక్క పేరూ పోలేదు.'

నవంబరు 13, మంగళవారం

పేపరు వచ్చింది. ఆ వాక్యాన్నే హెడ్డింగు చేశారు. దేవదానం గారు కత్తిరించి బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. వచ్చేవాళ్ళు కూర్చునేవైపు తిప్పి.

నవంబరు 19, సోమవారం

జాబితా ఊళ్ళలో చదివి వినిపించే పని మొదలు. ఆఫీసు బృందంతో దుమ్మాగుడకి నేనూ. లక్ష్మీపూర్ దారిలో లారీ దిగి మూడు గంటల నడక. దండోరా వేశారు. జనం రచ్చ దగ్గర కూర్చున్నారు. గుమస్తా చదువుతున్నాడు.

"సుక్రా, తండ్రి మంగళ."

నలుగురు లేచారు.

గుమస్తా — "ఒక్కడే. ఒక్క సుక్రాయే ఉన్నాడు ఇందులో."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ నాయకుడు ఐతా సంతలో నేర్చిన తెలుగులో అడిగాడు — "ఏ సుక్రా బాబూ?"

"మంగళ కొడుకు."

"నలుగురూ మంగళ కొడుకులే. మంగళలు నలుగురు."

జనం నవ్వారు. తరవాత బుద్రా, తండ్రి సోమ్రా — ముగ్గురు లేచారు. సనియా — ఇద్దరు. ఆడవాళ్ళలో సుక్రి — ఐదుగురు. నవ్వు తగ్గింది. లెక్క పెట్టుకున్నాను. లేచి నిలబడి, జాబితాలో లేనివాళ్ళు నలభై ముగ్గురు.

ఇక్కడ పుట్టిన వారమే పేరు. శుక్రవారం పుడితే సుక్రా. శనివారం సనియా. ఆదివారం ఐతా. ఏడు రోజులు, ఏడు పేర్లు. పదిహేనేళ్ళుగా ఈ సంతల్లో తిరుగుతున్నాను. ఇది నాకు తెలుసు.

ఐతా చెప్పాడు — "ఒక్క పేరే ఉంటే ఒక్కణ్ణే పంపుతాం. నలుగురి బదులు వాడే ఏసి వస్తాడు. పెళ్ళికి ఇంటికొకడు ఎల్లినట్టు."

గుమస్తా కుదరదన్నాడు. ఎందుకు కుదరదో చెప్పలేకపోయాడు.

నవంబరు 20, మంగళవారం

ఒళ్ళు నొప్పులు. ఈ పుస్తకంలో వెనక పేజీలు తిప్పాను. అక్టోబరు 22.

విన్నాను. రాసుకున్నాను. దాని కింద టీ గురించి, బస్సు గురించి.

దేవదానం గారికి తెలియదు, ఇక్కడ రెండేళ్ళ మనిషి. సుశీల పట్టణం పిల్ల. ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు తెరిస్తే ఒక్క నిమిషం పని.

తరవాత ఒక్క పేరూ పోలేదని రాశాను. లెక్క పెట్టకుండా. అసలులో ఎన్ని, నకలులో ఎన్ని — అడగలేదు.

నవంబరు 21, బుధవారం

చెప్పాను. దేవదానం గారు మధ్యలో అడ్డు రాలేదు. నేను ఆగాక, "వారాల పేర్లా" అన్నారు. మళ్ళీ — "ఆడవాళ్ళకి కూడానా?"

"కూడా."

బల్ల అద్దం కింద చెయ్యి పెట్టి కటింగు లాగి, మడిచి, సొరుగులో వేశారు.

అసలు జాబితా ముద్ద. లెక్క రాసిన మనిషి బదిలీ అయి వెళ్ళిపోయాడు, అతని చిత్తుకాగితాలు ఆ పెట్టెలోనే తడిసి పాడయ్యాయి. ఇప్పుడు సంతకమైన జాబితా ఇదొక్కటే. కొత్త పేర్లు చేర్చే గడువు దాటింది. రాతలో తప్పు పడిందని రుజువైతే ఎస్.డి.ఓ. గారు పైకి రాయగలరు. తప్పు ఎవరిదో ఒప్పుకోకుండా రాతలో తప్పు అనడం కుదరదు.

ఆయనకి రిటైర్మెంటు ఇంకో ఏడాది. మధ్యలో నల్లమచ్చ పడితే పెద్దకూతురి నర్సు ట్రైనింగుకి సిఫారసు అడగడానికి కూడా మొహం ఉండదు — అది నాతో కాదు, కిటికీతో అన్నారు.

నవంబరు 22, గురువారం

సుశీల ఇంటికి వచ్చింది. సత్యవతి లోపల కూర్చోబెట్టింది. నన్ను చూసి — "నేనే అడగాలి కదండీ మళ్ళీ. ఒక్కసారి అడిగి ఊరుకున్నాను."

"రెండుసార్లు అడిగావు. అన్నీనాండీ అన్నావు."

"మీకు గుర్తుందా?"

రాసుకున్నానని చెప్పలేదు.

సత్యవతి ఆమెని గుమ్మం దాకా సాగనంపి వచ్చి — "ఆ అమ్మి మీద తోసీసి ఆయన తప్పుకుంటే?"

"తోయరు."

"మీకెలా తెలుసేటి? పేపరులో పడిందా?"

నవంబరు 23, శుక్రవారం

ఆఫీసులో మాటలు. అప్పన్న వరండాలో — "ఆ సుశీల గుంటదే తప్పని గుమస్తాలు అంటన్నారు బాబూ. ఉజ్జోగం నేనిది కదా, దానికి పోయేదేటుంది అంటన్నారు." దేవదానం గారు లోపలే ఉన్నారు. తలుపు తీసే ఉంది. వినబడి ఉండాలి.

రేపు ఎస్.డి.ఓ. గారి ముందు విచారణ. ఈ పుస్తకం సంచిలో పెట్టుకుంటున్నాను. అక్టోబరు 22 ఒక్క పేజీ చాలు. మిగతా పేజీలు పరాయివాళ్ళు చూసేవి కావు. అయినా.

నవంబరు 24, శనివారం

పదిన్నరకి పిలిచారు. ఎస్.డి.ఓ. గారు, దేవదానం గారు, సుశీల, నేను. దుమ్మాగుడ నుంచి ఐతా, వెంట ఇద్దరు సుక్రాలు. ఎస్.డి.ఓ. గారు ఇంగ్లీషులో అడిగారు — నకలులో పేర్లు ఎవరు వదిలేశారు?

సుశీల లేవబోయింది. సంచి ముడి మీద నా చెయ్యి.

దేవదానం గారు లేచారు. "ఆ అమ్మాయి అడిగింది సార్. ఇవన్నీ ఒకే మనిషా అని అడిగింది. నేను జాబితా వైపు చూడకుండా వదిలెయ్ అన్నాను. రెండోసారీ అడిగింది. రెండోసారీ అదే చెప్పాను." కూర్చోబోయి, మళ్ళీ లేచారు. "ఇది రాతలో తప్పు కాదు సార్, నా తప్పు. అయితే రాతలో తప్పుగా రాస్తేనే వాళ్ళ పేర్లు తిరిగొస్తాయి. అలాగే రాయండి. కింద నా సంతకం పెడతాను."

సంచి ముడి విప్పలేదు.

ఎస్.డి.ఓ. గారు కలం తీసి చాలాసేపు రాశారు. ఆ తరవాత దేవదానం గారిని ఎన్నికల పని నుంచి తప్పిస్తున్నట్టు ఇంకో కాగితం. రెండో కాగితం చిన్నది.

బయట ఐతా — "ఈ ముసలాయన్ని కొట్టీసినారా?"

"కొట్టలేదు. పని తీసేశారు."

"మా పేర్లు తీసినందుకా?"

"అవును."

"మరి ఆయన పేరు ఎవరు ఎక్కిస్తారు?"

నవంబరు 27, మంగళవారం

పేపరుకి సవరణ పంపాను. 'ఒక్క పేరూ పోలేదని ఈ విలేఖరి రాసినది తప్పు. నలభై మూడు పేర్లు పోయాయి. లెక్క సరిచూడకుండా రాయడమైనది.' కారణం రాయలేదు. క్లర్కు పేరు రాయలేదు. నాది రాశాను.

డిసెంబరు 3, సోమవారం

సవరణ పడింది. చివరి పేజీలో, మందుల ప్రకటన పక్కన. పడింది కదా.

డిసెంబరు 10, సోమవారం

పైనుంచి జవాబు లేదు.

డిసెంబరు 12, బుధవారం

దేవదానం గారు సెలవు పెట్టి దుమ్మాగుడ వెళ్ళారు. ఆఫీసు మనిషిగా కాదు. నన్ను రమ్మన్నారు. కొండ ఎక్కడం ఆయనకి ఇదే మొదలు. పది అడుగులకొకసారి ఆగి, ఆగినందుకు ఏదో ఒక చెట్టు పేరు అడిగేవారు. ఐతా ఓపిగ్గా చెప్పేవాడు. నాలుగో మలుపు దగ్గర ఐతా అన్నాడు — "బాబూ, ఆ సెట్టు ఇందాకా అడిగినారు."

ఊళ్ళో చాప మీద కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచారు. పేరు, తండ్రి, పక్కన గుర్తు. జాబితాలో ఉండాల్సింది ఆ గుర్తే.

మొదటి సుక్రా — ఎలుగు గీరిన చెంప. రెండో సుక్రా — డోలు వాయించేవాడు. మూడో సుక్రా — భార్య బిస్సమ్ కటక్ వైపు పిల్ల.

నాలుగో అతను ముందుకొచ్చి కూర్చున్నాడు. మచ్చ లేదు. పొడుగూ పొట్టీ కాదు. పెళ్ళి కాలేదు. వాయించడం రాదు.

"నీ గుర్తు ఏమిటయ్యా?"

ఆలోచించాడు. "ఏటీ నేదు బాబూ. ఆ ముగ్గురూ కానోణ్ణి."

అందరూ నవ్వారు, అతను కూడా. దేవదానం గారు నవ్వలేదు. కలం పట్టుకుని అతని మొహం చూస్తూ ఉండిపోయారు. చివరికి అదే రాశారు — 'పై ముగ్గురూ కానివాడు'.

సాయంత్రానికి పోయిన నలభై మూడూ, వాటితో కలిసిపోయే జాబితా పేర్లూ అయ్యాయి; ఆ కాగితం ఎస్.డి.ఓ. గారికి ఇస్తారట. ఆడవాళ్ళ గుర్తులు సుశీల వచ్చి రాస్తే బాగుండేదని అన్నారు. సుక్రిలు ఐదుగురూ ఆయన ముందు గుర్తు చెప్పడానికి సిగ్గుపడి ఒకరి గుర్తు ఇంకొకరు చెప్పారు. 'నోరు పెద్దది' అని చెప్పించుకున్నావిడ, చెప్పినావిణ్ణి ఊరుకోలేదు.

డిసెంబరు 24, సోమవారం

ఉత్తర్వు వచ్చింది. నలభై మూడు పేర్ల అనుబంధం పోలింగు పార్టీతో పంపవచ్చు. ఒక్కొక్కరి గుర్తింపు విషయంలో ప్రిసైడింగు ఆఫీసరుకి నమ్మకం కుదిరితే ఓటు ఇవ్వవచ్చు. కుదరకపోతే లేదు.

ఇస్తామనీ కాదు, ఇవ్వమనీ కాదు.

డిసెంబరు 25, మంగళవారం

మిషన్ చర్చి దగ్గర దేవదానం గారు. కొత్త చొక్కా. ఉత్తర్వు మాటలు ఆయనకి అప్పటికే కంఠస్థం. "నమ్మకం కుదిరితే" అని రెండుసార్లు అన్నారు.

1952 జనవరి 2, బుధవారం

దుమ్మాగుడ బూతుకి ప్రిసైడింగు ఆఫీసరుగా హైస్కూలు లెక్కల మాస్టారు నరసింహమూర్తి గారు. ఎన్నికల పని కొత్త. కొండ ఎక్కలేదు ఎప్పుడూ. అనుబంధం చదివి తలపట్టుకున్నారు.

"ఒకే పేరు, ఒకే తండ్రి, ఒకే ఊరు. పై ముగ్గురూ కానివాడు — ఇదేం గుర్తండీ? వాడే ఇంకోసారి వచ్చి, నేనే ఆ ముగ్గురిలో ఒకణ్ణి అంటే?"

దేవదానం గారు పక్కనే ఉన్నారు. "చెంప చూడండి మాస్టారూ. డోలు అడగండి. భార్యని పిలిపించండి. ఎవరిలోనూ కలవకపోతే అతనే."

"మీరు గుర్తుపట్టగలరా?"

"నలభై ముగ్గురినీ."

"అయితే బూతులో నా పక్కన ఉండండి."

"ఉండకూడదు. నన్ను తప్పించారు కదా."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఈ పని నుంచే తప్పించిన మనిషి మాట నమ్మి తన సంతకం పెట్టాలి. ఆయన భయం నాకు అర్థమవుతుంది. తప్పు ఓటు ఒకటి పడితే రేపు దేవదానం గారి స్థితే ఆయనదీ.

"మనిషిని చూశాక చెప్తాను" అన్నారు. అంతకంటే మాట ఇవ్వలేదు.

జనవరి 4, శుక్రవారం

సంతలో ఐతా. మాస్టారి మాట చెప్పాను. వరసలో ఎవరిని ముందు నిలబెట్టాలో వాళ్ళు అప్పుడే తేల్చుకున్నారట. మచ్చ ఉన్నవాణ్ణి నిలబెడతారనుకున్నాను.

"కాదు బాబూ. ఏ గుర్తూ నేనోడే ముందు. ఆణ్ణి ఒప్పుకుంటే మిగతా ఓళ్ళని కాదన్లేరు."

"ఒప్పుకోకపోతే?"

"అందరం ఎనక్కి వచ్చీస్తాం. ఓటు కాయితంలో ఉన్న సుక్రా కూడా."

"అతని పేరు ఉంది కదా, అతను వెయ్యొచ్చు."

"ఆ కాయితంలో ఉన్నోడు నలుగుర్లో ఎవుడో మీకు తెలుసా? మాకూ తెల్దు."

జనవరి 7, సోమవారం

పోలింగు రేపు ఉదయం. మధ్యాహ్నం రెండుకి లారీ బయల్దేరింది. మాస్టారు ముందు సీటులో, అనుబంధం ఉన్న కవరు ఒళ్ళో. అప్పన్న వెనక పెట్టెల మీద. "మాస్టారూ, నిర్ణయించుకున్నారా?" అడిగాను. విననట్టు గుమస్తాని తాళాల గురించి అడిగారు.

దేవదానం గారు లారీ ఎక్కలేదు, ఎక్కకూడదు. పొద్దున్నే అడ్డదారిన కాలినడకన వెళ్ళారట, సుశీల చెప్పింది. బూతు చుట్టూ కట్టే తాడు బయట నిలబడతారట. మాస్టారు తల తిప్పి చూస్తే కనబడేచోట. పిలిస్తే పలుకుతారు. పిలవకపోతే అక్కడే ఉంటారు.

నేను మూడింటికి బయల్దేరుతున్నాను. పేపరు టెలిగ్రాంలో అడిగింది — దుమ్మాగుడలో ఎన్ని ఓట్లు పడతాయని. తెలియదని పంపాను. లెక్క పెట్టాక పంపుతానని.